బి గ్రేడు మర్యాద

ఆదోని మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్న మా పత్తి మండీలో గోడకు మూడు పటాలుంటాయి. ఒకటి ఉరుకుంద ఈరన్న స్వామిది, ఇంకొకటి షావుకారు బసవరాజు గారి తండ్రిది. మూడోది మారుతన్న సర్టిఫికెట్. వ్యాపార సంభాషణలో ప్రాథమిక శిక్షణ పూర్తి చేసినట్టు ఇంగ్లీషులో బంగారు రంగు అక్షరాలుంటాయి, కింద బి గ్రేడు అని ఉంటుంది. మొదటి రెండింటికీ దండలున్నాయి. మూడోదానికి కూడా వేసి ఉంటే సరిపోయేదని నా అభిప్రాయం. నా అభిప్రాయం ఈ మండీలో ఎవరూ అడగరు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

నా పేరు ప్రేమలత. మండీలో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. నా పక్క కుర్చీ మారుతన్నది. ఇద్దరి మధ్యా మండీ ఫోను. మారుతన్న పుట్టింది దేవరగట్టు కింద పల్లెలో. దసరా రాత్రి అక్కడ కర్రల సమరంలో దిగే మొనగాళ్లు కూడా మారుతన్న నోరు తెరిస్తే పక్కకు తప్పుకుంటారని చెప్పుకునేవారు. పత్తి తూచే పనికని చేరిన మనిషిని, ఆ నోరు చూసి పెద్ద షావుకారు బసవరాజు గారే ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. ఆలూరు, హొళగుంద, కౌతాళం వైపు పల్లెల్లో రైతులకు ఫోన్ చేసి పత్తి తెమ్మని చెప్పడమే పని. ఫోన్ లేకపోయినా ఆ గొంతు ఆలూరు దాకా వినిపించేది, ఫోన్ ఖర్చు దండగ అని షావుకారే అనేవారు.

"ఏమిరా సుంకా, సచ్చినావా బతికినావా? పత్తి ఏరి ఇంట్ల పెట్టుకొని పిల్లలు పెడతాదని సూస్తాండావా? నీ జిమ్మడ, రేటు లేసింది. రేపు బండి కట్టు!"

ఇదీ మారుతన్న పిలుపు. మర్నాడు సుంకన్న బండి కట్టేవాడు. వచ్చి మారుతన్న ముందు నిలబడి ఇంకో విడత తిట్లు తిని, నవ్వుకుంటూ పోయి ఉగ్గాని బజ్జీ తినేవాడు. రైతుల లెక్క తేలిక. మారుతన్న గట్టిగా తిడితే రేటు బాగున్నట్టు. మామూలుగా తిడితే ఆగి చూడమన్నట్టు. ఏ టీవీలో చెప్పే వాతావరణం కన్నా ఇది నమ్మకమైన సూచన.

మారుతన్న మెత్తగా మాట్లాడే చోటు ఈ భూమ్మీద ఒకటే ఉండేది, చావు ఇల్లు. రైతు ఇంట్లో ఎవరు పోయినా మండీ తరఫున ఆయనే వెళ్లేవాడు. పోయిన ఏడు సుంకన్న భార్య పోయినప్పుడు నేనూ వెంట వెళ్లాను. గుమ్మం దగ్గర చెప్పులు విడవడంతోనే మారుతన్న గొంతు మారిపోయింది. సుంకన్న చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండాలప్పా. మన చేతిలో ఏముంది. మేమంతా ఉండాము" అన్నాడు. ఆ గొంతు మారుతన్నదంటే నేనే నమ్మలేకపోయాను.

తరువాత సుంకన్న ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. చేలో పత్తి పగిలి గాలికి రాలిపోతోందని పక్కూరి వాళ్లు చెప్పారు. మారుతన్న ఫోన్ తీశాడు.

"లేయ్ రా! కూర్చుంటే పోయినామె లేసొస్తాదా? నీ మొకం మండ, లేసి పత్తి ఏరు. లేకుంటే నేనే వచ్చి నీ పాడె గట్టి పోతా!"

ఫోన్ పెట్టేసి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ వారంలోనే సుంకన్న పత్తి యార్డులో దిగింది. ఇది వ్యాపార సంభాషణ కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు. నాకు సర్టిఫికెట్ లేదు.

ఇంతలో షావుకారి కొడుకు చేతన్ బెంగుళూరులో చదువు ముగించుకుని వచ్చాడు. చదువు ముగిసిందని ఆయన అంటాడు, మా మీద మొదలైందని నేనంటాను. మండీలో ఒక మూల అద్దాల గది కట్టించి, అందులో చల్లటి మిషను పెట్టించి, తాను కూర్చున్నాడు. మండీ పేరు చివర ఏదో ఇంగ్లీషు ముక్క తగిలించాడు. మేము మాట్లాడే ప్రతి ఫోనూ రికార్డయ్యే ఏర్పాటు చేశాడు. అంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. తమిళనాడు మిల్లు వాళ్లు మండీ చూడడానికి వచ్చిన రోజే మారుతన్న ఎవరికో పాడె కడతానని అరిచాడు. ఆయనేమంటున్నాడని వాళ్లు అడిగారు. రైతు ఆరోగ్యం గురించి విచారిస్తున్నాడని చేతన్ చెప్పాడు. ఆలోచిస్తే అందులో అబద్ధమేమీ లేదు.

వాళ్లు వెళ్లాక చేతన్ మారుతన్నను అద్దాల గదిలోకి పిలిచాడు. ఫోన్ ఎత్తేవాళ్లకు ఇకమీదట వ్యాపార సంభాషణలో ప్రాథమిక సర్టిఫికెట్ ఉండాలన్నాడు. ఎమ్మిగనూరులో ఆదివారం తరగతులున్నాయన్నాడు. దీపావళి లోపల తెచ్చుకోకపోతే కుర్చీ ఖాళీ చేయాలన్నాడు. బసవరాజు గారు ఆ సమయంలో పేపరు చదువుతున్నారు. కొడుకు మాట్లాడేటప్పుడల్లా ఆయనకు పేపర్లో చాలా ముఖ్యమైన వార్తలు కనిపిస్తాయి.

మారుతన్నకు యాభై దాటింది. సెంటు భూమి లేదు. ఫోన్లో మాట్లాడడం తప్ప ఇంకో పని రాదు. ఆయన భార్య హనుమక్క మధ్యాహ్నం క్యారియర్ తెచ్చినప్పుడు విషయం విని, నా ముందే కూలబడింది.

"ఈ పని పోతే సుగ్గికి పోవల్సిందే ప్రేమక్కా. ఈ వయసులో గుంటూరు పోయి మిరపకాయలు కోసేదానికి మా నడుములు వంగుతాయా?"

మా వైపు సుగ్గి అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఇంటికి తాళం వేసి, గిన్నెలు మూట కట్టి, లారీ ఎక్కి, పొలం గట్ల మీద గుడారాల్లో నెలల తరబడి పడుకోవడం. హనుమక్క చిన్నతనమంతా అలాగే గడిచింది. అందుకే మారుతన్న నోరు మూసుకుని, మాట్లాడడం నేర్చుకోవడానికి ఒప్పుకున్నాడు.

శ్రావణంలో తరగతులు మొదలయ్యాయి. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఉరుకుందకు మొక్కు ఉందని అందరికీ చెప్పి, ఎమ్మిగనూరు బస్సెక్కేవాడు. యార్డులో హమాలీలకు తెలిస్తే పరువు పోతుందని భయం. వారం వారం ఉరుకుంద పోతున్నాడంటే ఎంత పాపం చేసి ఉంటాడోనని హమాలీలు తమలో తాము బాధపడ్డారు.

తరగతి ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర చీరల షాపు మీద. మేడం పేరు సుప్రీత. మంత్రాలయం దగ్గర సేతుమాధవరావు మాస్టారి కూతురు. వాళ్లింట్లో ఆవును కూడా మీరు అంటారని విన్నాను. మంచి పిల్ల, ఆమెను ఏమీ అనడానికి లేదు. ఫోన్లో మాట్లాడేటప్పుడు నవ్వితే ఆ నవ్వు అవతలివాళ్లకు వినిపిస్తుందని ఆమె నేర్పింది. మారుతన్న సోమవారం మండీకి వచ్చి ఫోన్ పట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి సాధన చేసేవాడు. నవ్వు వినిపించిందో లేదో గానీ, ఒక రైతు మాత్రం, "ఏమన్నా, పన్ను నొప్పా?" అని అడిగాడు.

పరీక్ష రోజు తోడు రమ్మంటే నేనూ ఎమ్మిగనూరు వెళ్లాను. తరగతిలో మిగతా అందరూ ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రకారు. వాళ్ల మధ్య మారుతన్న తువ్వాలు పిండుకుంటూ కూర్చున్నాడు. రాత పరీక్ష ఎలాగో గట్టెక్కాడు. తరువాత మాట పరీక్ష. మేడం కోపంగా ఉన్న ఖాతాదారు, మారుతన్న ఆమెను శాంతింపజేయాలి.

"ఏమండీ, మీరు పంపిన సరుకు ఏమీ బాగాలేదండీ. నాకు చాలా కోపంగా ఉందండీ" అంది సుప్రీత మేడం.

మారుతన్న ఆమెను జాలిగా చూశాడు. "మేడం, కోపం యాడుండాది? ఇట్లయితే మిమ్మల్ని ఎవురు లెక్క చేస్తారమ్మా? మా హనుమక్క దగ్గరికి ఒక దినం పంపిస్తా..."

కుర్రాళ్లు బల్లలు చరిచారు. "జవాబు చెప్పండి మారుతి గారూ" అంది మేడం, గంభీరంగా.

మారుతన్న నోరు తెరిచాడు. అలవాటైన మాట గొంతు దాకా వచ్చింది. అది నాకు కనిపించింది కూడా. మింగాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ మింగాడు. దీపావళి, అద్దాల గది, గుంటూరు లారీ అన్నీ కళ్ల ముందు తిరిగాయేమో. చివరికి కళ్లు మూసుకున్నాడు. ఎందుకో వంగి చెప్పులు విడిచాడు. గొంతు మారిపోయింది.

"అయ్యో... ఎంత పని జరిగిందమ్మా. మీ బాధ నేను అర్థం చేసుకోగలను. ధైర్యంగా ఉండండి. మన చేతిలో ఏముంది చెప్పండి. మేమంతా మీకు తోడున్నాము."

సుప్రీత మేడం కళ్లు తడిశాయి. ఖాతాదారు బాధను ఇంతగా తన బాధ చేసుకున్న విద్యార్థిని తాను చూడలేదని అందరి ముందూ చెప్పింది. మాట పరీక్షలో మారుతన్నే మొదటివాడు. రాతలో పోయిన మార్కుల వల్ల బి గ్రేడు వచ్చింది.

తిరుగు బస్సులో అడిగాను. "అన్నా, అది సావు గొంతు కదా?"

"నాకు ఇంగో మెత్తని గొంతు యాడుండాది ప్రేమక్కా? ఉండేది అదొకటే" అన్నాడు.

చేతన్ సర్టిఫికెట్‌కు పటం కట్టించి, ఈరన్న స్వామి పక్కన తగిలించి, అందరికీ మైసూరుపాకు పంచాడు. ఆ రాత్రి ఇంట్లో మారుతన్న సాధన కోసమని, "హనుమక్కా, నీకు శ్రమ కాకపోతే కొంచెం అన్నం పెట్టగలవా?" అన్నాడట. ఆమె నుదురు పట్టి చూసి, మర్నాడు పొద్దున్నే దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది.

అసలు ముచ్చట ఫోన్లతో మొదలైంది. మొదటి ఫోన్ సుంకన్నకే.

"నమస్కారం సుంకన్న గారూ. నేను మారుతిని మాట్లాడుతున్నాను. మీరు కుశలమే కదా? మీకు వీలైతే దయచేసి ఒకసారి మండీకి రాగలరు."

అవతలి నుంచి సుంకన్న గొంతు సన్నగా వచ్చింది. "ఎవురన్నా?"

"ఎవరు, ఏమిటండీ?"

"పోయింది ఎవురన్నా?"

మారుతన్న నా వైపు చూశాడు. అద్దాల గదిలోంచి చేతన్ చూస్తున్నాడు. ఫోన్ రికార్డవుతోంది. ఇలాంటప్పుడు ఏమనాలో పుస్తకంలో ఉంది. మారుతన్న అదే అన్నాడు. "మీ ప్రశ్నకు ధన్యవాదాలు. వివరాలు త్వరలో తెలియజేస్తాము."

ఆ రోజంతా ఫోన్లు అలాగే సాగాయి. ఎవరికి చేసినా అదే ప్రశ్న, ఎవరికైనా అదే జవాబు. చావు గొంతుతో మారుతన్న మండీకి రమ్మన్నాడంటే పోయింది మండీలో మనిషే. మండీలో పోవడానికి తగిన వయసున్న మనిషి ఒక్కరే ఉన్నారు. రైతులు కలిసి ఆలోచించుకున్నారు, తేల్చుకున్నారు.

మర్నాడు బసవరాజు గారు మండీ అరుగు మీద కూర్చుని ఉగ్గాని తింటున్నారు. ఆలూరు వైపు నుంచి ఒక టెంపో వచ్చి ఆగింది. అది ఆగకముందే లోపల ఏడుపు మొదలైంది. ముందు దిగింది హులిగమ్మ. పత్తి పండించడంలోనూ, చావు ఇళ్లలో ఏడవడంలోనూ ఆమెను మించినవాళ్లు లేరు. చేతిలో నిలువెత్తు బంతిపూల దండ. "మా అప్పా బసవరాజప్పా, మాకింగ దిక్కెవరప్పా" అని రాగం ఎత్తుకుని అరుగు దాకా వచ్చి, బజ్జీ నములుతున్న షావుకారును చూసి ఆగిపోయింది.

"బతికే ఉండావా సావుకారీ?" అంది, మోసపోయిన దానిలా.

బసవరాజు గారు బజ్జీ పక్కన పెట్టారు. "ఏం చేస్తామమ్మా, ఉండాను" అన్నారు. ఆయన గొంతులో క్షమాపణ కూడా వినిపించింది.

దండ ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చివరికి ఈరన్న స్వామి పటానికి వేశారు. వెనకాల వచ్చిన ఊరివాళ్ల దండ షావుకారు తండ్రి పటానికి వెళ్లింది. ఇంతకీ పత్తి ఏదని చేతన్ అడిగాడు. పెద్ద సావుకారి లేని మండీలో దింపితే ఎట్లుంటాదోనని, దారిలోనే వేరే మండీలో దింపి వచ్చామని చెప్పారు. పాపం వాళ్లు చాలా మొహమాటపడ్డారు. బతికున్నాడని ముందే తెలిస్తే ఇక్కడే దింపేవాళ్లమని హులిగమ్మ షావుకారికి ఒట్టేసి చెప్పింది.

ఇంత జరిగాక ఎవరైనా ఏం చేస్తారు? ఫోన్ మారుతన్న చేతికిచ్చి, నాయనా, నీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకో అంటారు. అలా అనుకోవడానికి చదువు లేని బుర్ర కావాలి. చేతన్ మమ్మల్ని కూర్చోబెట్టి, మార్పు వచ్చేటప్పుడు ఇలాంటి ఒడుదొడుకులు సహజమన్నాడు. రైతులకు కూడా ఒక కోర్సు పెడితే బాగుంటుందన్నాడు. మారుతన్న మర్యాదకు లోటు లేదు, అది అర్థం చేసుకునే స్థాయి రైతుకు లేదన్నాడు. చివర్లో, పాత అలవాటు కొద్దీ ఒక్క తిట్టు నోటి నుంచి వచ్చినా ఆ రోజే ఆఖరి రోజని చెప్పాడు. మారుతన్న తల ఊపాడు. ఆ మధ్య ఆయన అన్నింటికీ తల ఊపడం నేర్చుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నెల జీతం గుర్తొచ్చి నేనూ తల ఊపాను.

యార్డులో పత్తి నిండింది, మా మండీ ముందు మాత్రం కుక్కలు పడుకున్నాయి. మారుతన్న రోజూ మెత్తగా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. తిండి తగ్గింది. తాయెత్తు రెండోది కూడా చేరింది.

ఒక మధ్యాహ్నం సుంకన్న వచ్చాడు. బండి లేదు, పత్తి లేదు, దండ కూడా లేదు. గుమ్మంలో చెప్పులు విడిచి వచ్చి మారుతన్న ముందు నిలబడ్డాడు. నన్ను చూడలేదు, షావుకారును చూడలేదు.

"నమస్కారం సుంకన్న గారూ. కూర్చోండి. మీకు నేను ఏ విధంగా సహాయపడగలను?" అన్నాడు మారుతన్న.

సుంకన్న కూర్చోలేదు. "అన్నా, ఊర్లో అందరూ పెద్ద సావుకారి పోయినాడనుకున్నారు. నేనట్ల అనుకోలేదు."

"మరి?"

"నీ లెక్కలో నేనే సచ్చిపోయినానేమో అనుకున్నా. అంత మర్యాదగా మాట్లాడతాండావు. నేనేం తప్పు చేసినా అన్నా? ఆమె పోయినంక నన్ను తిట్టేటోళ్లు ఇంట్ల లేరు, ఊర్ల లేరు. నువ్వొక్కనివే ఉంటివి. నువ్వు గూడా గారూ అంటే నేను యాడికి పోవాల?"

అద్దాల గది తలుపు కొంచెం తెరుచుకుంది. మారుతన్నకు అది కనిపించింది. నాకూ కనిపించింది. వద్దన్నా, ఓర్చుకో అని కళ్లతోనే చెప్పాను.

"మీ భావాలను నేను అర్థం చేసుకోగలను..." అని మొదలుపెట్టాడు మారుతన్న.

సుంకన్న ముఖం వాలిపోయింది. సరేలే అన్నట్టు చేతులు జోడించి, వెనక్కి తిరిగాడు. వాకిట్లో చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. కళ్ల నిండా నీళ్లు, ఎదురుగా ఉన్న చెప్పులే కనిపించడం లేదు.

"ఒరేయ్ సుంకా!"

ఆ అరుపుకు బయట పడుకున్న కుక్కలు లేచాయి. "నీ జిమ్మడ! నీ ఇల్లు బంగారం గాను! ఇంత దూరం బస్సు చార్జీలు పెట్టుకొని సేతులు ఊపుకుంటా వచ్చినావా? పత్తి ఏదిరా సచ్చినోడా? ఇంట్ల పెట్టి ఎలుకలకు పెండ్లి సేస్తాండావా? ముందు అన్నం తిన్నావా లేదా, అది సెప్పు! మొకం సూడు, పీక్కపోయి ఉండాది, నీ పాడె గట్ట!"

సుంకన్న గుమ్మంలో నిలబడి నవ్వుతూ ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను, దాచేదేముంది.

చేతన్ గదిలోంచి బయటికి వచ్చాడు. అరుస్తాడేమోనని చూశాను. అరవలేదు. ఆయనా ఇలాంటి చదువే చదివాడు, ఇంకా ఖరీదైనది. నెమ్మదిగా వచ్చి మారుతన్న భుజం మీద చెయ్యి వేశాడు. తల వంచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మారుతి గారూ, ఇన్నేళ్లుగా మీరు ఈ సంస్థకు చేసిన సేవలు మరువలేనివి. మీరు లేని లోటు మాకు తీరనిది. మీ కుటుంబానికి అంతా మంచే జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను."

బసవరాజు గారు పేపరు పైకెత్తుకున్నారు. నేనైతే ఆ పేపరు లాగి చించేదాన్ని. కూర్చునే ఉన్నాను.

గుమ్మంలో సుంకన్నకు మాటలు సగమే అందాయి. గొంతు మాత్రం పూర్తిగా అందింది. నవ్వు ఆగిపోయింది. తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవురన్నా పోయింది?" అని అడిగాడు మారుతన్నను.

మారుతన్న కుర్చీలో కూలబడ్డాడు. "నేనే రా సుంకా" అన్నాడు.

సుంకన్నకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చేతన్‌ను చూశాడు, గోడ మీది సర్టిఫికెట్ పటాన్ని చూశాడు, ఖాళీ వాకిలిని చూశాడు. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. లోపలికి వచ్చి మారుతన్న జబ్బ పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో మారుతన్నను అన్నా అని తప్ప ఇంకోలా పిలవని మనిషి గొంతు పెంచాడు.

"లేయ్ రా! కూర్చుంటే పోయిన పని లేసొస్తాదా? నీ మొకం మండ, లేయ్! చేలో పత్తి ఏరేటోళ్లు లేక రాలిపోతాంది. హనుమక్కను గూడా పిలుసుకో. గుంటూరు లేదు, గింటూరు లేదు. లేయ్ అంటాంటే!"

మారుతన్న అతన్ని నోరు తెరుచుకుని చూశాడు. లేచాడు. క్యారియర్ సంచి తీసుకున్నాడు. పటం వైపు చూడలేదు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఆలూరు ఆటోల వైపు నడిచారు. వాళ్ల గొంతులు సందు మలుపు దాకా వినిపించాయి.

ఫోన్ మోగింది. చేతన్ నా వైపు చూశాడు. నేను ఎత్తలేదు. నాకు సర్టిఫికెట్ లేదు.